పిల్లలు తాగే చక్కెర ఎక్కడికి పోతుంది?

పుట్టినరోజు వేడుకలో పిల్లలు ఇల్లంతా గంతులు వేస్తుంటే "కూల్‌డ్రింకు తాగారు కదా, ఇక వీళ్లను పట్టలేం" అనే మాట పెద్దల్లో ఎవరో ఒకరి నోట తప్పకుండా వస్తుంది. ఒంట్లోకి చక్కెర వెళ్లగానే పిల్లలకు ఎక్కడలేని హుషారు పుడుతుందని, చెప్పిన మాట వినరని, ఒకచోట కుదురుగా కూర్చోరని నమ్మేవారిలో ఉపాధ్యాయులు, బాగా చదువుకున్న తల్లిదండ్రులు కూడా ఉన్నారు. తీపి పానీయాల మీద వచ్చే ఆరోపణల్లో అన్నిటికన్నా గట్టిగా వినిపించేది ఇదే. పరీక్షకు పెట్టినప్పుడు అన్నిటికన్నా బలహీనంగా తేలినదీ ఇదే. పళ్లు, కాలేయం, ఆకలి, నిద్ర వీటి మీద ఈ పానీయాలు చూపే ప్రభావానికి ఎంతో బలమైన ఆధారాలున్నా, ఆ నష్టం తాగిన పూటే కళ్లబడదు కాబట్టి మాటలన్నీ అల్లరి చుట్టూనే తిరుగుతుంటాయి.

చక్కెరకూ అల్లరికీ ఉన్న సంబంధం గురించి 1994లో అమెరికాలో వెలువడిన ఒక ప్రయోగాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. తీపి తిన్నాడంటే తమ పిల్లవాడికి పట్టపగ్గాలుండవని చెప్పిన తల్లులను, 5 నుంచి 7 ఏళ్ల వయసున్న వారి కొడుకులను అందులో చేర్చుకున్నారు. పిల్లలందరికీ ఇచ్చింది ఆస్పర్టేమ్ అనే కృత్రిమ తీపి కలిపిన, చక్కెర బొత్తిగా లేని పానీయమే. కాని తల్లుల్లో కొందరికి మాత్రం మీ అబ్బాయికి చక్కెర బాగా ఎక్కువగా ఇచ్చామని చెప్పారు. ఆ తరవాత తల్లీకొడుకులు కలిసి గడుపుతుండగా పరిశీలించారు. చక్కెర పడిందని నమ్మిన తల్లులు తమ పిల్లవాడు ఎక్కువ అల్లరి చేశాడని నమోదు చేశారు. అంతకన్నా ఆసక్తికరమైన మార్పు ఆ తల్లుల తీరులోనే కనిపించింది. వారు పిల్లవాడి పక్క నుంచి పెద్దగా కదలలేదు. మిగతా తల్లులకన్నా ఎక్కువగా వాడినే చూస్తూ, తప్పులు పడుతూ, ఏదో ఒకటి చెబుతూ ఉండే ధోరణి వారిలో కనిపించింది.

అదే ఏడాది వెలువడిన మరో పరిశోధనలో కొన్ని కుటుంబాలు ఇంట్లో తినే ఆహారాన్నంతా మార్చి, మూడేసి వారాల చొప్పున ఒకసారి చక్కెర ఎక్కువగా, మరో రెండుసార్లు చక్కెరకు బదులు కృత్రిమ తీపి ఉండేటట్టు సరఫరా చేశారు. ఏది ఎప్పుడు వస్తోందో పిల్లలకు గాని, తల్లిదండ్రులకు గాని తెలియదు. చక్కెర పడదని పేరుపడ్డ పిల్లలతో సహా ఎవరి ప్రవర్తనలోనూ, ఏకాగ్రతలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 1995లో ఇటువంటి 23 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కకట్టినప్పుడు కూడా చక్కెర పిల్లల ప్రవర్తనను మారుస్తుందనడానికి ఆధారం దొరకలేదు. ఏ కొద్దిమంది పిల్లల మీదనో స్వల్ప ప్రభావం ఉండే అవకాశాన్ని ఆ విశ్లేషణ పూర్తిగా తోసిపుచ్చలేదు గాని, ఇంటింటా చెప్పుకునేంత ప్రభావం మాత్రం లేదని తేల్చింది.

మరి ఇంతమంది కళ్లారా చూశామని చెప్పేది ఏమిటి? తీపి పానీయాలు పిల్లల చేతికి ఎక్కువగా వచ్చేది పండగలు, వేడుకలు, ప్రయాణాలు, చుట్టాల రాకపోకలు ఉన్న రోజుల్లో. ఆ రోజున ఈడుపిల్లలు పదిమంది పోగవుతారు, ఆటకు అడ్డు చెప్పేవారుండరు, పడుకునే వేళ దాటిపోతుంది. గ్లాసులో మంచినీళ్లు పోసి ఇచ్చినా ఆ పూట పిల్లలు అలాగే పరుగెత్తుతారు. గ్లాసు మాత్రం కంటికి కనబడుతుంది కాబట్టి నింద దాని మీదకు వెళ్తుంది. ఈ పొరపాటు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. తీపి తాగినా తమ పిల్లవాడు బుద్ధిగానే ఉంటున్నాడని, కాబట్టి వాడికి ఆ పానీయం పడుతోందని అనుకునే తల్లిదండ్రులకు అసలు లెక్క చూడవలసిన అవసరమే తోచదు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. మామూలు కోలాలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 10 నుంచి 11 గ్రాముల చక్కెర ఉంటుంది. 330 మిల్లీలీటర్ల డబ్బాలో ఉండేది దాదాపు 35 గ్రాములు, అంటే తొమ్మిది చిన్న చెంచాలకు కొంచెం తక్కువ. ఆహారంలో విడిగా చేరే చక్కెర మొత్తం శక్తిలో 10 శాతానికి మించకూడదని, 5 శాతానికి లోపల ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రోజుకు 1,400 కేలరీలు సరిపోయే చిన్నపిల్ల విషయంలో ఆ 10 శాతం అంటే 35 గ్రాములే. ఒక్క డబ్బాతో ఆ రోజు వాటా పూర్తయిపోతుంది. బిస్కెట్లు, జామ్, చాక్లెట్, పాలలో వేసే చక్కెర, ఇవన్నీ ఆపైన పడతాయి. 2 ఏళ్లు నిండిన పిల్లలకు రోజుకు 25 గ్రాములకన్నా తక్కువ ఉండాలని, అంతకన్నా చిన్నవారికి కలిపిన చక్కెర అసలే వద్దని 2016లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ మరింత కచ్చితంగా చెప్పింది.

తొమ్మిది చెంచాల చక్కెరను గ్లాసుడు మంచినీళ్లలో కలిపి ఇస్తే రెండు గుక్కలకే ఏ పిల్లవాడైనా మొహం తిప్పుకుంటాడు. అదే చక్కెర సీసాలో ఉన్నప్పుడు గటగటా దిగిపోవడానికి కారణం, దానితో పాటు ఉండే ఆమ్లాలు, గాలి బుడగలు, చల్లదనం కలిసి తీపి ఘాటును నాలుకకు అంతగా తెలియనివ్వకపోవడం. మూత తీసి ఒక పూట బయట పెట్టి, బుడగలు పోయి చల్లదనం తగ్గాక అదే పానీయాన్ని తాగి చూస్తే అందులో ఎంత తీపి ఉందో అప్పుడు తెలుస్తుంది. ఆ పాకం అంతకుముందూ సీసాలో ఉన్నదే.

తీపి తినడం వేరు, తీపి తాగడం వేరు. ఈ తేడాను పోషకాహార శాస్త్రం గట్టిగా పట్టించుకున్నది ఇటీవలి దశాబ్దాల్లోనే. నమిలి తిన్న ఆహారం కడుపులో చోటు తీసుకుంటుంది, నిదానంగా పేగుల్లోకి దిగుతుంది, ఇక చాలని మెదడుకు కబురు పంపడానికి వ్యవధి ఇస్తుంది. ద్రవరూపంలో ఉన్న చక్కెర త్వరగా దిగిపోతుంది; శరీరం దాన్ని భోజనంలో భాగంగా జమకట్టదు. 2000లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 15 మంది పెద్దవారికి రోజూ 450 కేలరీల చక్కెరను నాలుగు వారాల పాటు మిఠాయి రూపంలోను, మరో నాలుగు వారాల పాటు సోడా (తీపి కూల్‌డ్రింకు) రూపంలోను ఇచ్చారు. మిఠాయి తిన్న రోజుల్లో వారు తమకు తెలియకుండానే మిగతా తిండి తగ్గించుకున్నారు. సోడా తాగిన రోజుల్లో అలా తగ్గించుకోలేదు, బరువు కూడా పెరిగారు. చిన్న ప్రయోగం, పైగా పెద్దల మీద చేసినది. కాని సాయంత్రం కూల్‌డ్రింకు తాగిన పిల్లవాడు రాత్రి అన్నం ఎప్పటిలాగే తినడం చూసి "తిండి బాగానే తింటున్నాడు, ఇబ్బందేం లేదు" అనుకునే ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

పిల్లల మీద ఇంతకన్నా కచ్చితమైన ప్రయోగం నెదర్లాండ్స్‌లో జరిగింది. 4 నుంచి 11 ఏళ్ల వయసున్న 641 మంది పిల్లలకు 18 నెలల పాటు రోజూ 250 మిల్లీలీటర్ల పానీయం ఒకటి ఇచ్చారు. సగంమందికి ఇచ్చిన డబ్బాలో 104 కేలరీల చక్కెర ఉంది, మిగిలినవారి డబ్బాలో కృత్రిమ తీపి మాత్రమే ఉంది. ఎవరికి ఏది అందుతోందో ఎవరికీ తెలియదు. కొత్తగా ఎవరికీ ఈ అలవాటు అంటించకూడదని, అప్పటికే తీపి పానీయాలు తాగుతున్న పిల్లలనే ఎంచుకున్నారు. 2012లో వెల్లడించిన ఫలితం ప్రకారం చక్కెర తాగినవారు సగటున 7.37 కిలోలు, చక్కెర లేనిది తాగినవారు 6.35 కిలోలు పెరిగారు. పెరిగే వయసు కాబట్టి ఇద్దరూ బరువు పెరగవలసిందే. ఆ ఒక కిలో మాత్రం రోజుకొక చిన్న డబ్బా వల్ల అదనంగా చేరింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. 104 కేలరీలను 18 నెలలకు గుణించి, అదంతా కొవ్వుగా మారిందనుకుంటే కాగితం మీద ఏడు కిలోల వరకు వస్తుంది. అటువంటి లెక్కలు చూపించి భయపెట్టే ప్రచారాలు చాలానే ఉన్నాయి. శరీరం అంత మొద్దుగా పనిచేయదు, చాలావరకు సర్దుకుంటుంది. అలా సర్దుకోగా మిగిలినదే ఆ కిలో. చిన్నపిల్లల విషయంలో అదీ తక్కువేమీ కాదు.

బరువు పెరగడం అందరికీ కనిపిస్తుంది. కాలేయంలో చేరే కొవ్వు కనిపించదు. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్‌ను ఒంట్లోని కణాలన్నీ వాడుకుంటాయి. ఫ్రక్టోజ్‌లో ఎక్కువ భాగాన్ని మాత్రం పేగులు, కాలేయమే చూసుకోవాలి. పండుతో పాటు కొంచెం కొంచెంగా వచ్చే ఫ్రక్టోజ్‌తో కాలేయానికి ఇబ్బంది లేదు. పది నిమిషాల్లో ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు, అదీ రోజూ అలాగే వస్తున్నప్పుడు, తక్షణ అవసరానికి మించినదాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. మద్యం ముట్టని వయసులోనే పిల్లలకు కాలేయంలో కొవ్వు పేరుకునే జబ్బు రావడానికి ఊబకాయం, వంశపారంపర్య లక్షణాలతో పాటు ఇదీ ఒక కారణం. ఆ జబ్బు ఉన్న 40 మంది మగపిల్లల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, కొందరికి 8 వారాల పాటు విడి చక్కెరను దాదాపు పూర్తిగా తగ్గించిన ఆహారం ఇచ్చారు. వారి కాలేయంలోని కొవ్వు సగటున 25 శాతం నుంచి 17 శాతానికి దిగింది. ఎప్పటిలాగే తిన్నవారిలో అది 21 నుంచి 20కి మాత్రమే మారింది. రెండు నెలల్లో అంత మార్పు రావడం ఊరట కలిగించే విషయమే. అయితే ఆ ఫలితం కోసం పిల్లవాడి ఒక్కడి తిండిని కాక ఇంటిల్లిపాది తిండినీ మార్చవలసి వచ్చిందన్న సంగతి మరిచిపోకూడదు.

ఈ దశలో ఒంటి మీద కనిపించే ఆనవాలు ఒకటి ఉంది. కొందరు పిల్లలకు మెడ వెనక, చంకల్లో చర్మం నల్లబడి, మందమై, ముడతలు పడి, తాకితే మఖమల్ గుడ్డలాగా తగులుతుంది. మట్టి పేరుకుందని తల్లులు స్నానం చేయించేటప్పుడు పీచు పెట్టి రుద్దుతారు; ఎంత రుద్దినా పోదు, పిల్లవాడు శుభ్రంగా ఉండడన్న చెడ్డపేరు మాత్రం వస్తుంది. అది మురికి కాదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందని, ఒళ్లు దాని మాట సరిగా వినడం లేదని చర్మం ఇచ్చే సూచన అయి ఉండే అవకాశం ఎక్కువ. పెద్దల జబ్బుగా పేరుపడిన రెండో రకం మధుమేహం పిల్లల్లో కనిపించడానికి ముందు మెట్టు ఇది. పెరిగిన బరువు, కదలిక లేకపోవడం, కుటుంబ చరిత్ర ఇవన్నీ ఇందులో కలిసే ఉంటాయి. తీపి పానీయం ఒక్కటే దీనికి కారణమనడం సరికాదు గాని, ఈ కారణాల్లో అన్నిటికన్నా తేలికగా తీసేయగలిగినది మాత్రం అదే.

పళ్ల విషయంలో సందేహాలకు తావు లేదు. ఆమ్లతను పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట; నోట్లో అది 5.5 కన్నా కిందికి దిగితే పంటిపై పింగాణీ పొర కరగడం మొదలవుతుంది. కోలా పీహెచ్ దాదాపు 2.5. అంటే తాగిన క్షణం నుంచే ఆ పొర మీద ఆమ్లం పనిచేస్తుంది. అది చాలదన్నట్టు పంటి గారలో కాపురముండే సూక్ష్మజీవులు చక్కెరను తిని ఇంకొంత ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లాన్ని లాలాజలం కడిగి, మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట వరకు పట్టవచ్చు. అందుచేత ఎంత తాగారన్నదానితో పాటు ఎంతసేపు తాగారన్నదీ ముఖ్యమే. భోజనంతో పాటు అయిదు నిమిషాల్లో ముగించిన గ్లాసుకన్నా, బొమ్మలు చూస్తూ రెండు గంటల పాటు చప్పరిస్తూ కూర్చున్న అదే గ్లాసు ఎక్కువ చెరుపు చేస్తుంది, ఎందుకంటే లాలాజలం కోలుకునేలోగా మరో గుక్క పడుతుంది. పాలపళ్లకు పింగాణీ పొర పలచగా ఉంటుంది కాబట్టి అవి ఇంకా త్వరగా దెబ్బతింటాయి. తీపి కలిపిన సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పసిపిల్లలకు పైవరస ముందుపళ్లు గోధుమరంగుకు తిరిగి అరిగిపోతాయి. కిందివరస ముందుపళ్లను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి చాలావరకు మిగులుతాయి. దంతవైద్యులు ఆ వరసను చూడగానే సీసా సంగతి అడిగేది అందుకే.

పుల్లని పానీయం తాగిన వెంటనే పళ్లు తోమించడం మంచిదనుకుంటారు, కాని మెత్తబడి ఉన్న పింగాణీ పొరను బ్రష్షు ఇంకా అరగదీస్తుంది. ముందు నీళ్లతో పుక్కిలించి, తోమడం కొంతసేపు ఆగి చేయాలి. చక్కెర లేని డైట్ కోలాకూ ఈ జాగ్రత్త వర్తిస్తుంది. దానిలో సూక్ష్మజీవులకు తిండి లేకపోవచ్చు గాని ఆమ్లం ఉంది. పిప్పిపన్ను బాధ పంటితో ఆగదన్నది మరో సంగతి. రాత్రి పోటు వల్ల నిద్ర పట్టని పిల్లవాడు, నమలడానికి భయపడి గట్టి తిండి మానేసిన పిల్లవాడు మర్నాడు బడిలో చిరచిరలాడుతూనే ఉంటాడు. అక్కడ అతని ప్రవర్తన గురించి ఫిర్యాదు వస్తుంది తప్ప పన్ను గురించి రాదు.

జబ్బు చేసినప్పుడు ఇచ్చే తీపి పానీయం గురించి విడిగా చెప్పుకోవాలి. నీళ్ల విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఏదో ఒకటి ఒంట్లోకి వెళ్తే చాలని కూల్‌డ్రింకో, డబ్బా జ్యూసో తాగించేవారున్నారు. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్న ఓఆర్‌ఎస్ ద్రావణంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ మాత్రమే ఉంటుంది, దానికి తగిన మోతాదులో లవణాలు ఉంటాయి. పేగులు సోడియాన్ని, దాని వెంట నీటిని లోపలికి తీసుకోవడానికి ఆ కొద్ది గ్లూకోజ్ తోడ్పడుతుంది. కోలాలో లీటరుకు ఉండే చక్కెర 100 గ్రాములకు పైమాటే, లవణం నామమాత్రం. అంత చిక్కటి చక్కెర పేగుల్లోకి చేరితే నీటిని ఒంట్లో నుంచే పేగుల్లోకి లాగుతుంది, విరేచనాలు ఎక్కువవుతాయి. పేరులో, డబ్బా మీది బొమ్మలో ఓఆర్‌ఎస్‌ను తలపించే పానీయాలు తియ్యగా ఉన్నాయంటే అనుమానించడమే మేలు. అసలైన ద్రావణం అంత రుచిగా ఉండదు.

పళ్లరసం అనగానే చాలామందికి మనసు కుదుటపడుతుంది. యాపిల్ రసంలో 100 మిల్లీలీటర్లకు ఉండే చక్కెర దాదాపు కోలాలో ఉన్నంతే. అందులో బయటినుంచి చక్కెర కలపకపోవచ్చు. కాని పండు నుంచి పీచును తీసేసి, మూడు పళ్ల చక్కెరను ఒక గ్లాసులోకి దించాక కాలేయానికి, పంటికి ఆ తేడా తెలియదు. మూడు యాపిల్ పళ్లు వరసగా కొరికి తినగల పిల్లవాడు అరుదు, వాటి రసం ఒక్క గుక్కలో తాగగల పిల్లవాడు అరుదు కాదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పళ్లరసంలోని చక్కెరను, తేనెను కూడా విడి చక్కెర కిందనే లెక్కించింది. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 2017లో ఏడాదిలోపు పిల్లలకు పళ్లరసం అసలు వద్దని, 1 నుంచి 3 ఏళ్ల వారికి రోజుకు 120 మిల్లీలీటర్లు మించవద్దని సూచించింది. రుచి కలిపిన పాలు, ఆటగాళ్ల పానీయాలు, సీసాల్లో వచ్చే చల్లటి టీ వీటికీ ఇదే కొలత. డబ్బా వెనక 100 మిల్లీలీటర్లకు ఎన్ని గ్రాముల చక్కెర ఉందో చూసి, డబ్బా పరిమాణంతో గుణించుకుంటే ఇంకెవరి సలహా అక్కరలేదు.

ఇక ప్రవర్తన విషయానికి తిరిగి వస్తే, చక్కెర నేరుగా అల్లరి పుట్టించదన్న మాటకు తీపి పానీయాలు పిల్లల ప్రవర్తనను తాకవన్న అర్థం రాదు. సీసాలో చక్కెర ఒక్కటే లేదు. 330 మిల్లీలీటర్ల కోలాలో కాఫీలో ఉండే, నిద్రను దూరం చేసే కెఫీన్ 30 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులో సాధారణంగా 80 మిల్లీగ్రాములు ఉంటుంది. పిల్లల్లో రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాముల లోపు కెఫీన్‌తో భయం లేదన్న యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015 నాటి అంచనాను పట్టుకుంటే, 25 కిలోల బరువున్న పిల్లవాడికి ఆ హద్దు 75 మిల్లీగ్రాములు. ఒక్క ఎనర్జీ డ్రింకు దాన్ని దాటేస్తుంది. పెద్దల్లో ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగినది పడకవేళకు ఒంట్లోనే ఉంటుందన్నమాట.

నిద్ర చాలని పెద్దవారు ఆవలిస్తూ మూలన కూలబడతారు. నిద్ర చాలని పిల్లలు చాలాసార్లు అందుకు వ్యతిరేకంగా ఉంటారు: కాలు నిలవదు, చిన్నదానికే ఏడుపు, చెప్పింది చెవికెక్కదు, తోటిపిల్లల మీద విసుగు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి ఒక గంట కోతపడితే మర్నాడు కనిపించే చిరాకుకూ, నిన్నటి సాయంత్రపు గ్లాసుకూ ఉన్న లంకె ఇంట్లో ఎవరికీ తట్టదు. తాగిన అరగంటలో పరుగెడితే మాత్రం చక్కెర మహిమ అంటారు. నిజానికి ఆ పానీయం ప్రవర్తనను తాకే దారి ఈ రెండో రోజు చిరాకులోనే ఎక్కువగా ఉంది.

రంగుల సంగతి మరొకటి. 2007లో బ్రిటన్‌లో 3 ఏళ్ల పిల్లలకు, 8–9 ఏళ్ల పిల్లలకు కొన్ని కృత్రిమ రంగులు, చెడిపోకుండా వేసే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇచ్చి చేసిన పరీక్షలో కొంతమేర చంచలత్వం పెరిగినట్టు కనిపించింది. ప్రభావం చిన్నదే, అందరు పిల్లల్లో ఒకేలా లేదు, ఏ రంగు వల్ల వచ్చిందో కూడా విడదీయలేకపోయారు. అయినా ఆ రంగులు వాడిన ఆహార పదార్థాల మీద పిల్లల చురుకుదనం, ఏకాగ్రతలపై ప్రతికూల ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరికను 2010 జులై నుంచి యూరోపియన్ యూనియన్ తప్పనిసరి చేసింది. చక్కెర వల్ల అల్లరి వచ్చిందని ఎవరైనా చెబితే, ఆ గ్లాసు ఏ రంగులో ఉందో అడగడం అసందర్భం కాదు.

రోజుకు నాలుగైదుసార్లు కూల్‌డ్రింకులు తాగే పిల్లల్లో దురుసుతనం ఎక్కువని చెప్పే సర్వేలూ ఉన్నాయి. అమెరికాలో 5 ఏళ్ల వయసున్న దాదాపు 2,900 మంది పిల్లల గురించి 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం, రోజుకు నాలుగుసార్లు, అంతకు మించి తాగే పిల్లలు ఇతరుల వస్తువులు పగలగొట్టడం, దెబ్బలాటలకు దిగడం అసలు తాగనివారికన్నా రెట్టింపుకు పైగా ఉంది. తల్లి మానసిక స్థితి, ఇంట్లో హింస వంటివాటిని లెక్కలోకి తీసుకున్నా సంబంధం పోలేదు. అయినా దీన్ని కార్యకారణ సంబంధంగా తీసుకోవడం తొందరపాటు. అయిదేళ్ల పిల్లకు రోజుకు నాలుగుసార్లు సోడా అందే ఇంటిలో భోజన వేళలు, నిద్ర వేళలు, పెద్దల తీరిక ఎలా ఉంటాయో ఊహించవచ్చు. మరోవైపు, మొండికేసే పిల్ల నోరు మూయించడానికి గ్లాసు అందించడమూ మామూలే. అప్పుడు ముందు వచ్చింది దురుసుతనం, వెనక వచ్చింది సోడా. ఇంత గట్టి సంబంధం కనిపించినప్పుడు దాన్ని ఆ ఇంటి గురించిన సమాచారంగా చూడటమే ఎక్కువ న్యాయంగా తోస్తుంది.

రుచి అలవాటు కావడం అన్నిటికన్నా ముందు మొదలవుతుంది. తీపి మీద ఇష్టం పుట్టుకతోనే ఉంటుంది, ఎంత తీపి అయితే తీపి అనిపిస్తుందన్నది మాత్రం చాలావరకు అలవాటు వల్ల కుదురుతుంది. రోజూ సీసా తాగే పిల్లవాడికి మామూలు పాలు, పండు, మంచినీళ్లు చప్పగా అనిపిస్తాయి. తొలి రోజుల తీపి ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఒక ఆధారం చరిత్రలో అనుకోకుండా దొరికింది. రెండో ప్రపంచ యుద్ధకాలం నుంచి బ్రిటన్‌లో చక్కెరకు ఉన్న రేషన్ 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. వాడకం దాదాపు రెట్టింపయింది. రేషన్ ముగియడానికి కొంచెం ముందు, కొంచెం తరవాత తల్లి కడుపున పడినవారిని పోల్చి 2024లో ప్రచురించిన అధ్యయనం, కడుపులో ఉన్ననాటి నుంచి రెండేళ్ల వరకు తక్కువ చక్కెరతో గడిపినవారికి పెద్దయ్యాక రెండో రకం మధుమేహం వచ్చే అవకాశం సుమారు 35 శాతం, అధిక రక్తపోటు వచ్చే అవకాశం సుమారు 20 శాతం తక్కువని తేల్చింది. అది చక్కెర మొత్తానికి సంబంధించిన లెక్క, పానీయాలకే పరిమితం కాదు. అయినా రెండేళ్లలోపు పిల్లలకు సీసా ద్వారా చక్కెర పట్టించే ముందు గుర్తు తెచ్చుకోవలసిన లెక్క.

ప్రభుత్వాలు ఈ పని ఇళ్లకే వదిలేయకుండా కొంత తమ మీద వేసుకున్న చోట ఫలితం కొంతవరకు కనిపించింది. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో తెచ్చిన పన్ను పానీయంలో చక్కెర ఎంత ఉందన్నదాన్ని బట్టి పడుతుంది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాములకన్నా తక్కువుంటే పన్ను లేదు. పన్ను అమల్లోకి రాకముందే చాలా కంపెనీలు చక్కెరను ఆ గీతకు దిగువకు దించాయి. తరవాత 10–11 ఏళ్ల ఆడపిల్లల్లో ఊబకాయం సుమారు 8 శాతం తగ్గినట్టు ఒక విశ్లేషణ చూపించింది, మగపిల్లల్లో అటువంటి తగ్గుదల కనిపించలేదు. చక్కెర తగ్గించిన చోట చాలావరకు కృత్రిమ తీపి వచ్చి చేరింది. బరువు అదుపు కోసం దాన్ని ఆశ్రయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది కాబట్టి దాన్ని మజిలీగా భావించవచ్చు గాని గమ్యంగా కాదు. దాహానికి నీళ్లు, ఆకలికి పాలు అన్న పాత పద్ధతికి ఇంకా పోటీ రాలేదు.

అలవాటు మాన్పించే ఇళ్లలో మొదటి వారమే కష్టం. కెఫీన్ ఉన్న పానీయం రోజూ తాగే పిల్లవాడికి ఒక్కసారిగా ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి, నీరసం, చిరాకు మొదలై కొన్ని రోజులు ఉండవచ్చు. పిల్లవాడు డీలాపడ్డాడని, చదువు మీద ధ్యాస లేదని జాలిపడి ఎవరో మళ్లీ ఒక గ్లాసు ఇస్తారు. గంటలోపే హుషారు వస్తుంది. ఆ పానీయం లేకపోతే వీడికి కుదరదని అప్పుడు ఇంట్లో అందరూ నమ్ముతారు. జరిగింది మాత్రం కెఫీన్ లేని లోటును కెఫీన్ తీర్చడం. గ్లాసును వారానికి కొంత చొప్పున చిన్నది చేస్తూ, ముందుగా సాయంత్రం తరవాతిది ఆపి, మంచి మార్కులకో బుద్ధిగా ఉన్నందుకో బహుమతిగా దాన్ని ఇవ్వడం మానుకుంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. పెద్దలు అదే సీసాను ఫ్రిజ్‌లో తమ కోసం ఉంచుకుంటే మాత్రం పిల్లవాడి చెయ్యి ఆ ఫ్రిజ్ తలుపు మీదకే వెళ్తుంది.